వానాకాలం తోటకు మట్టి, నారు: ఈసారి ముందే మొదలుపెడదాం

మిద్దెపందిరి (హైదరాబాద్), 2025 ఏప్రిల్ 21

అందరికీ నమస్కారం. మేడ మీద మూడేళ్లుగా కూరగాయలు పెంచుతున్నాను. ఇరవై రెండు గ్రోబ్యాగులు, సగానికి కోసిన నీలం డ్రమ్ములు ఆరు ఉన్నాయి. చలికాలం పంట బాగానే వస్తుంది. పాలకూర, మెంతికూర ఇంటికి సరిపోగా పక్కింటికి కూడా ఇస్తున్నాను. వానాకాలం నారు మాత్రం రెండేళ్లుగా నిలవడం లేదు.

పోయినేడు జూన్ మొదటి వారంలో మిరప, వంగ, టమాటా ఒకే ట్రేలో పోశాను. టమాటా ఐదో రోజుకే మొలిచింది, వంగ వారానికి, మిరప ఇంకాస్త ఆలస్యంగా లేచాయి. చూసి మురిసిపోయాను. ఒకరోజు పొద్దున్నే వెళ్లేసరికి ఒక మూల పది పదిహేను మొక్కలు వాలిపోయి ఉన్నాయి. ఆకులు పచ్చగానే ఉన్నాయి. ఒకటి తీసి చూస్తే మట్టిని ఆనుకున్న చోట కాడ దారంలా సన్నబడి, గోధుమరంగుకి తిరిగి, వేళ్ల మధ్య చీకిపోయింది. మూడు రోజుల్లో ట్రే మొత్తం పోయింది. విత్తనం పాతదేమో అనుకుని కొత్త ప్యాకెట్లు తెచ్చి మళ్లీ పోశాను, మళ్లీ అదే. చివరికి నర్సరీ నారు కొని పెట్టేసరికి జులై దాటిపోయింది.

రెండో సంగతి తొట్లలో మట్టి. నిండుగా పోసింది జానెడు కిందికి దిగిపోయింది. పైన పెచ్చు కట్టి, అక్కడక్కడా ఉప్పు చల్లినట్టు తెల్లగా ఉంది. నీళ్లు పోస్తే పైన నిలబడి, అంచుల వెంట జారి కింద నుంచి వచ్చేస్తున్నాయి. మేం వాడేది బోరు నీళ్లు.

ఈ మట్టి పారేసి కొత్తది కొనాలా? నారు ఎప్పుడు, ఎలా పోయాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, దయచేసి.

పాతవిస్తరణాధికారి (బాపట్ల), ఏప్రిల్ 21

అమ్మా, మీ విత్తనం తప్పేమీ లేదు. మీరు చెప్పిన గుర్తులన్నీ నారుకుళ్లు తెగులువే. నేల మట్టంలో కాడ చీకి, ఆకు పచ్చగా ఉండగానే మొక్క ఒరిగిపోవడం దాని తీరు. పిథియం, రైజోక్టోనియా అనే శిలీంధ్రాలు మట్టిలోనే ఉంటాయి. అసలు మొలవనే లేదు అనుకున్న గింజల్లో కూడా కొన్ని మట్టిలోపలే ఈ తెగులుతో కుళ్లినవి అయి ఉండొచ్చు.

ఇది ముదరడానికి మూడు కారణాలు. నీళ్లు ఎక్కువ కావడం, నారు ఒత్తుగా ఉండడం, సరిగా మాగని ఎరువు కలపడం. మూడూ ఒక ట్రేలో కలిస్తే ఇక దాన్ని ఆపలేం. ఉద్యోగంలో ఉండగా ఎన్నో నారుమళ్లు చూశాను. ఒత్తుగా చల్లి పొద్దునా సాయంత్రం నీళ్లు పెట్టిన మడిలోనే ఇది ముందు కనిపించేది. ఎత్తుగా పోసిన మడిలో, నీరు తీసిపోయే చోట, వరసల్లో పలచగా విత్తిన నారు నిలిచేది. అందుకే నారుమడి జానెడు ఎత్తున, మీటరు వెడల్పున చేసుకోమని రైతులకు చెప్పేవాళ్లం.

మీ మరో పొరపాటు మూడు పంటలనూ ఒకేరోజు పోయడం. నాటడానికి టమాటా నారు 25 నుంచి 30 రోజులది ఉండాలి. వంగ 30 నుంచి 35. మిరప 40 రోజుల పైన. కాబట్టి నాటే రోజు ముందు ఖాయం చేసుకుని వెనక్కి లెక్కపెట్టండి. మృగశిర కార్తె జూన్ 8న వస్తుంది. జూన్ 12 ప్రాంతంలో నాటదలిస్తే మిరప మే మొదటి వారంలో, వంగ ఇంకో నాలుగైదు రోజులాగి, టమాటా మే మధ్యలో పోయాలి. ఇప్పుడు ఏప్రిల్ 21. మంచి సమయంలో అడిగారు.

చెరువుకట్ట (జగిత్యాల), ఏప్రిల్ 22

అక్కా, పాత మట్టి పారెయ్యకు. మట్టి చావదు, అలసిపోతది అంతే. మేం చేన్ల ఎండకాలం దుక్కి దున్నుతం చూడు, గదే పని నువ్వు మేడ మీద చెయ్యి. దున్నితే లోపలున్న పురుగుల కోశాలు పైకొచ్చి ఎండకు సస్తయ్, కొన్నిటిని కొంగలు ఏరుకొని తింటయ్. అన్ని తొట్ల మట్టి ఒక పట్టా మీద కుమ్మరించు. గడ్డలు చేత్తోటి నలుపు. పాత ఏర్లు ఏరెయ్. ఏర్ల మీద బుడిపెలు గిట్ల కనవడితే ఆ తొట్టి మట్టి సపరేటుగ పెట్టు, అవి ఏర్లను పట్టే నులిపురుగులయి.

తర్వాత మట్టిని మంచిగ తడిపి, జానెడు మందం పరిచి, తెల్ల పాలిథిన్ కప్పి నాలుగు దిక్కుల గాలి చొరకుంట ఇటుకలు పెట్టు. నల్లది కాదు, ఆర్పార్ కనవడే తెల్లది. ఎండ లోపటికి పోవాలె. నాలుగు వారాలన్న ఉంచు. రోహిణిల రోళ్లు పగుల్తయంటరు, గా ఎండను మనం పనికి వాడుకోవాలె.

మట్టి తక్కువ పడితే చెరువు మట్టి కలుపుకో. మిషన్ కాకతీయల మా ఊరి చెరువు పూడిక తీసినప్పుడు ట్రాక్టర్ల మీద తోలుకొని ఎర్ర చెల్క మీద పోసుకున్నం. నీళ్లు ఆగని చెల్కల తేమ ఆగుడు మొదలైంది. తొట్లకైతే పది పాళ్లకు రెండు పాళ్లు మించొద్దు, గట్టి పడతది.

మిద్దెపందిరి, ఏప్రిల్ 22

తమ్ముడూ, చాలా థాంక్స్. రేపే దులుపుతాను. అయితే మట్టి నెలపాటు కవర్ కింద ఉంటే మే మొదట్లో మిరప నారు దేంట్లో పోయాలి? ఆ తెల్ల పెచ్చు ఉప్పేనా?

పాతవిస్తరణాధికారి, ఏప్రిల్ 23

నారుకు మట్టి అవసరం లేదు. కోకోపీట్, బాగా మాగిన వర్మికంపోస్టు చెరిసగం చాలు. కోకోపీట్ ఇటుకను నానబెట్టి ఆ నీళ్లు పారబోసి, ఇంకో రెండు మూడు సార్లు కడిగి పిండండి. కొబ్బరి పీచులో ఉప్పు ఉంటుంది, కడగకుండా వాడితే మొలక మాడుతుంది. తెగులు బూజులను అణిచే మంచి శిలీంధ్రం ట్రైకోడెర్మా విరిడి. వర్మికంపోస్టులో దాని పొడి ఇప్పుడే కలిపి తడి గోనెసంచి కప్పి నీడన ఉంచితే నారు పోసే నాటికి అది అల్లుకుపోయి ఉంటుంది.

తొట్ల కోసం విడిగా చేసుకోండి. మాగిన పశువుల ఎరువు 9 కిలోలు, వేపపిండి కిలో, ట్రైకోడెర్మా 200 గ్రాములు. చేత్తో పిడికిలి పట్టి నొక్కితే ముద్ద నిలవాలి, వేళ్ల సందుల్లోంచి నీరు కారకూడదు, అంత తడి. నీడలో గుట్టగా పోసి గోనె కప్పండి. నాలుగైదు రోజులకోసారి తిరగేసి తేమ చూసుకోండి. రెండు వారాల్లో తెల్లగా, ఆపైన ఆకుపచ్చగా బూజు కనిపిస్తుంది. అదే మనకు కావలసింది. ఆ ఎరువును ఎండబెట్టిన మట్టి చల్లారాక కలపాలి, ముందు కాదు.

తెల్ల పెచ్చు బోరు నీటి లవణమే. పైన అంగుళం మట్టి గీరి తీసేయండి. మిగతా ఉప్పు తొలి వానలకు కిందికి కొట్టుకుపోవాలంటే తొట్టి అడుగు రంధ్రాలు తెరిచి ఉండాలి, అవి మూసుకుపోయాయేమో చూడండి. నారుకు మాత్రం కుళాయి నీళ్లు వాడండి.

వేరుశనగసీమ (అనంతపురం), ఏప్రిల్ 25

పెద్దాయన మాటకు అడ్డం చెప్పాలని కాదు కానీ ఒక సందేహం. పాలిథిన్ కప్పి మట్టిని ఉడికిస్తే చెడ్డ బూజుతో పాటు మంచి జీవులు కూడా పోతాయి కదా? మా పొలంలో నాలుగేళ్లుగా ప్రకృతి వ్యవసాయం చేస్తున్నాం. వానకు ముందే, పొడి నేలలోనే నవధాన్యాలు చల్లేస్తాం. జొన్న, సజ్జ, కొర్ర, పెసర, అలసంద, ఉలవ, నువ్వు, ఆముదం, బంతి, ఏది దొరికితే అది. విత్తనానికి బంకమట్టి, ఘనజీవామృతం (ఆవుపేడ, మూత్రం, బెల్లం, పప్పుపిండితో చేసే పొడి ఎరువు) పట్టించి ఆరబెట్టి చల్లుతాం. ఏ చిన్న వాన పడినా మొలుస్తాయి. నేల మీద పచ్చదనం ఎప్పుడూ ఉంటే నేల చల్లగా ఉంటుంది, వానపాము పైకి వస్తుంది. మా నేల సంగతి మీకు తెలుసు కదా, వానే తక్కువ. ఎండకు వదిలేసిన పక్క చేను సుత్తి పెట్టి కొట్టాల్సినట్టు ఉంటే, మాది గొర్రు దిగేటట్టు ఉంది. మా నాయన ఈ మార్పు చూసి, అంతవరకు ఒప్పుకోని మనిషి, తన వాటా నేలలో కూడా చల్లమన్నాడు.

అందుకని అక్కా, అన్ని తొట్లూ కప్పెయ్యొద్దు. సగం తొట్లలో అయినా నవధాన్యాలు చల్లి, అవి పూతకు రాకముందే కోసి అదే తొట్టిలో పరిచెయ్యి. పది రోజులకోసారి జీవామృతం, అంటే అదే సరుకుతో చేసే ద్రవ ఎరువు, పోస్తే నెలలో మట్టి మెత్తబడుతుంది.

పాతవిస్తరణాధికారి, ఏప్రిల్ 25

బాబూ, పొలానికి నువ్వు చెప్పింది నూటికి నూరుపాళ్లు సరైనది. ఎకరాలకు ఎకరాలు పాలిథిన్ కప్పమని నేనూ చెప్పను. కానీ అమ్మాయి తొట్లలో రెండేళ్లుగా తెగులు తిష్ట వేసింది. జబ్బు ఉన్న మట్టికి ఎండ వైద్యం, జబ్బు లేనిదానికి పచ్చిరొట్ట, అంటే పచ్చి పైరునే ఎరువు చేయడం. ఎండ పెట్టిన మట్టిలో మళ్లీ ప్రాణం పోయడానికే ట్రైకోడెర్మా ఎరువు కలపమన్నది. మంచి జీవులు పోతాయన్న నీ మాట నిజం కాబట్టే ఆ రెండో పని తప్పనిసరి.

అమ్మా, నారు చచ్చిన తొట్లు, బుడిపెల వేర్లున్న తొట్లు కప్పండి. మిగిలినవాటిలో నవధాన్యాలు చల్లండి. రెండూ మీ కళ్లతో మీరే పోల్చుకుంటారు.

కొత్తపెరడు (గుంటూరు), ఏప్రిల్ 28

నాదీ ఇదే ప్రశ్న కాబట్టి ఇక్కడే అడుగుతున్నాను. కొత్త ఇల్లు, వెనుక సెంటున్నర ఖాళీ. అసలు నల్లరేగడి నేల. కట్టుబడి అప్పుడు సిమెంటు కలిపింది ఇక్కడే. వంగ, గోంగూర పెడితే గోంగూర కూడా పసుపు పచ్చగా తిరిగింది. ఆకు పసుపు, ఈనెలు మాత్రం ఆకుపచ్చ. గోంగూర రాని గుంటూరు నేల ఉంటుందా అని మా అమ్మ బాధపడుతోంది. గునపంతో తవ్వితే మూరెడు లోతున బూడిదరంగు గడ్డలు, కంకర, ఇటుక ముక్కలు వస్తున్నాయి.

పాతవిస్తరణాధికారి, ఏప్రిల్ 28

అది ఇనుము లోపం లాగా ఉంది. నేలలో ఇనుము ఉన్నా సిమెంటు, సున్నం వల్ల క్షారగుణం పెరిగి మొక్కకు అందదు. నల్లరేగడే కాస్త క్షారం వైపు ఉంటుంది, దానికి ఇది తోడైంది. గడ్డలు దొరికినంతవరకు ఏరి బయట పారేయండి. జల్లెడ పట్టడానికి బద్ధకించొద్దు, అక్కడే సగం పని అయిపోతుంది.

తరువాత మట్టి పరీక్ష చేయించండి. సెంటున్నరలో అయిదారు చోట్ల ఆంగ్లం వి అక్షరం ఆకారంలో జానెడు గుంట తీసి, గోడ పక్కగా పైనుంచి కిందికి పలచగా మట్టి గీకండి. అంతా కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు భాగాలు తీసేస్తూ అరకిలో మిగిల్చండి. నీడన ఆరబెట్టి ఇవ్వండి. పెంటకుప్ప దగ్గర, చెట్టు కింద, గట్టు పక్కన మట్టి తీయకూడదు. కొత్త ఎరువు వేయకముందే తీయాలి.

ఈ వానాకాలం అక్కడ కూరగాయలు పెట్టకుండా పచ్చిరొట్టగా జనుము గాని జీలుగ గాని చల్లి, పూత దశలో, అంటే 45 రోజుల ప్రాంతంలో కలియదున్నండి. అక్టోబరుకి గోంగూర పెట్టుకుందురు. అమ్మగారికి అప్పటిదాకా ఆగమని చెప్పండి.

ఉప్పుగాలి (నరసాపురం), ఏప్రిల్ 29

మాది దీనికి పూర్తిగా తలకిందులండీ. ఇసుక. పొద్దున పోసిన నీళ్లు మధ్యాహ్నానికి ఉండవు. నేను గుంట తీసి అడుగున కొబ్బరి డొక్కలు పీచు పైకి ఉండేలా పేర్చి, ఆపైన ఎండాకు, పశువుల ఎరువు, చెరువు మట్టి వేస్తాను. డొక్క స్పాంజిలా తడి పట్టుకుంటుంది. సొర, బీర పాదులకు ఇదే వాడుక. మూడేళ్లకు ఆ గుంటలో ఇసుక నల్లగా మారింది. చేత్తో తీస్తే అంటుకుంటోంది, మొదట్లో జారిపోయేది.

ఒక్క మాట, మా నాయనమ్మ నారుమడి మీద పొయ్యి బూడిద చల్లేది. అది చెయ్యండి, పురుగు రాదు.

పాతవిస్తరణాధికారి, ఏప్రిల్ 29

కొబ్బరి డొక్కల పద్ధతి చాలా మంచిది. బూడిద విషయంలో మాత్రం నేల చూసి వాడాలి. బూడిదలో పొటాష్ ఉంటుంది, క్షారం కూడా ఉంటుంది. మీ ఇసుక నేలలో గుప్పెడు చల్లితే మేలే చేస్తుంది. బోరు నీళ్ల ఉప్పు పేరుకున్న హైదరాబాద్ తొట్టికీ, సిమెంటు కలిసిన గుంటూరు పెరడుకీ అది ఇంకో గరిటె ఉప్పు వేసినట్టే. బీర, దోస ఆకుల మీద ఎర్ర పెంకుపురుగు వస్తే పొద్దున్నే మంచు తడి ఉండగా పలచగా దులపొచ్చు, అంతవరకు ఫరవాలేదు.

మిద్దెపందిరి, మే 4

నిన్న మిరప పోశాను. 98 గుంతల ప్రోట్రే ఒకటి. మీరు చెప్పినట్టే కోకోపీట్ మూడుసార్లు కడిగాను. మొదటి నీళ్లు టీ డికాషన్‌లా వచ్చాయి, మూడోసారికి లేత పసుపు. గింజలకు చిటికెడు ట్రైకోడెర్మా పట్టించి గంట ఆరబెట్టాను. గుంతకు ఒక్క గింజ, అర సెంటీమీటరు లోతు. పోయినసారి చేతికి వచ్చినట్టు చల్లేశాను, ఇప్పుడు అగ్గిపుల్లతో ఒక్కొక్కటీ పెట్టడానికి ముప్పావు గంట పట్టింది. ట్రే మీద పాత వార్తాపత్రిక తడిపి కప్పాను. మొదటి మొలక కనిపించగానే తీసేస్తాను.

తొట్ల మట్టి ఏప్రిల్ 24 నుంచి కవర్ కిందే ఉంది. మధ్యాహ్నం కవర్ మీద చెయ్యి పెడితే కాలుతోంది. లోపలి వైపు నీటి బొట్లు ముత్యాల్లా పట్టి, సాయంత్రానికి మళ్లీ మట్టిలోకి జారుతున్నాయి. బుడిపెల వేర్లు నాలుగు తొట్లలో దొరికాయి. అవన్నీ నేను వరసగా రెండేళ్లు టమాటా పెట్టినవే.

ఒక కంగారు. తెలిసినవాళ్ల పశువుల కొట్టం నుంచి రెండు బస్తాల ఎరువు తెప్పించాను. తిరగేస్తుంటే బొటనవేలంత లావు తెల్ల పురుగులు, గోధుమరంగు తల, చంద్రవంకలా ముడుచుకుని ఏడు ఉన్నాయి. ఎరువు మధ్యలో చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. వాడొచ్చా?

ఉప్పుగాలి, మే 4

అవి కొమ్ముపురుగు పిల్లలు అయ్యుంటాయండీ. మా కొబ్బరి చెట్ల మొవ్వు తొలిచేది దీని పెద్దదే. పెంటకుప్పలోనే గుడ్లు పెడుతుంది. ఏరి కోళ్లకు వెయ్యండి. లావువి ఉన్నాయంటే చిన్నవి కూడా ఉంటాయి, జల్లించండి.

చెరువుకట్ట, మే 5

వెచ్చగున్నదంటే ఇంకా మాగలే అక్కా. గిప్పుడు ఏస్తే ఏర్లు మాడుతయ్. తడిపి, తిరగేసి, నీడల పెట్టు. చల్లవడి, పెండ వాసన పోయి, తొలకరి మట్టి వాసన వస్తె అప్పుడు పనికొచ్చినట్టు. గీ సీజనుకు మాగిన వర్మికంపోస్టు కొనుక్కో, ఈ బస్తాలు చలికాలానికి ఉంచు.

మిద్దెపందిరి, మే 17

మిరప 98లో 83 మొలిచింది. వంగ మే 8న, టమాటా నిన్న పోశాను. కాడలకు కొత్త సమస్య. ఎండకు భయపడి ట్రేలు కింద పోర్టికోలో పెట్టాను. మిరప కాడలు పొడుగ్గా సాగి ఒకవైపు వంగుతున్నాయి. ఇది కూడా తెగులేనా?

నల్లరేగడి_దూరంగా (డాలస్), మే 17

అక్కా, తెగులు కాదు, వెలుతురు చాలక సాగుతున్నాయి. నాకు ప్రతి ఏడూ ఇదే పాఠం. మాకు ఇక్కడ మార్చి మధ్య వరకు మంచు పడే భయం ఉంటుంది. అందుకని జనవరి చివర్లో ఇంట్లోనే టమాటా నారు పోస్తాను. మొదటి ఏడు కిటికీ దగ్గర పెడితే అచ్చం మీరు చెప్పినట్టే సాగిపోయాయి. ఇప్పుడు దీపం కింద, నారుకు బెత్తెడు ఎత్తులో వేలాడదీసి పెంచుతున్నాను. మీకు దీపాలు ఎందుకు, అంత సూర్యుడు ఉంటే! యాభై శాతం నీడనిచ్చే షేడ్‌నెట్ కింద మేడ మీదే పెట్టండి, గాలి కూడా ఆడుతుంది. గాలికి ఊగిన కాడ గట్టిపడుతుంది.

నాటే ముందు వారం రోజులు నారును బయటి ఎండకు అలవాటు చేయాలి. మొదటి రోజు పొద్దుటి ఎండ గంట, మర్నాడు రెండు గంటలు, అలా పెంచుతూ. నేను ఒకసారి తొందరపడి లోపలి నారును నేరుగా ఎండలో నాటితే సాయంత్రానికి ఆకులు కాగితంలా తెల్లబడ్డాయి.

నేను గుంటూరు జిల్లా నల్ల నేలలో పుట్టి పెరిగాను. ఇక్కడ పెరట్లో గడ్డపార వేస్తే అదే నేల. తడిస్తే బూటుకు అంటుకుని వదలదు, ఎండితే చెయ్యి దూరేంత పగుళ్లు. అందుకే నేల మీద అడుగు ఎత్తున చెక్క మడి కట్టి అందులో మట్టి పోసుకున్నాను. తడిగా ఉన్నప్పుడు మాత్రం ఈ నేలను తొక్కకూడదు, తవ్వకూడదు. మా తాత చెప్పిన మాట ఇక్కడా పనికొస్తోంది. గోంగూర ఏప్రిల్లో వేశాను, నేల వెచ్చబడితే గాని మొలవదు. టమాటాకి జులై వస్తే రాత్రి వేడికి పూత రాలిపోతుంది, ఆ లోపే కాయ దింపుకోవాలి.

మిద్దెపందిరి, మే 18

షేడ్‌నెట్ కట్టించాను తమ్ముడూ. నాలుగు వెదురు కర్రలతో మా ఆయన ఇవాళే కట్టేశారు. సాగిన మిరప కాడల చుట్టూ ఇంకాస్త కోకోపీట్ పోసి నిలబెట్టాను.

పాతవిస్తరణాధికారి, మే 18

నీళ్ల గురించి ఒక మాట చెప్పడం మరిచాను. రోజుకు ఇన్నిసార్లు అని లెక్క పెట్టుకోవద్దు. ట్రే ఒక చివర ఎత్తి బరువు చూడండి. తేలికైతేనే నీళ్లు. పొద్దున పోయండి, సాయంత్రం వద్దు. రాత్రంతా కాడ మొదలు తడిగా ఉంటేనే బూజుకు పండుగ. ఏ మూలనైనా ఒక్క మొక్క ఒరిగినా దాన్నీ, చుట్టూ ఉన్న గుంతల్నీ తీసేయండి. అవసరమైతే కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే బూజు మందు లీటరు నీటికి 3 గ్రాములు కలిపి మొదళ్లు తడపొచ్చు. ట్రైకోడెర్మా వేసినప్పుడే ఇది పోయకండి, ఒకదాని పని ఇంకోటి చెడగొడుతుంది.

చెరువుకట్ట, మే 27

ఎవరన్న అనుకున్నరా? రోహిణి మొదలైనంక రోళ్లు పగలాలె గాని మా దగ్గర వాన దంచుతున్నది! మే 24నే కేరళకు రుతుపవనాలొచ్చినయ్, 2009 తర్వాత గింత జల్ది రాలేదంటున్నరు. మా ఊర్ల కొందరు అప్పుడే పత్తి గింజ పెడ్తున్నరు. నాకు మనసొప్పుతలేదు. నేల లోతుకు తడిస్తే తప్ప పెట్టొద్దని మా బాపు చెప్పిండు. పైన నాలుగు వేళ్ల మందం తడి చూసి గింజ ఏస్తె, మధ్యల వాన ఆగితే మొలక ఎండుతది, మళ్ల గింజ కొనాలె.

మిద్దెపందిరి, మే 27

మాకూ వాన. వాన మొదలవగానే మట్టి మీద కవర్ తీసేశాను. ఇంచుమించు నెల రోజులు ఎండ తగిలింది, చాలు కదా? ట్రైకోడెర్మా ఎరువు మీద ఆకుపచ్చ బూజు పట్టింది. మూడు పాళ్లు మట్టికి ఒక పాలు ఎరువు, ఒక పాలు కోకోపీట్ కలిపి తొట్లు నింపుతున్నాను. నవధాన్యాలు చల్లిన తొట్ల మట్టి చూసి ఆశ్చర్యపోయాను. వేర్లు అడుగుదాకా దిగి, మట్టి రవ్వలు రవ్వలుగా విడిపోతోంది. అనంతపురం తమ్ముడికి ప్రత్యేకంగా చెబుతున్నాను.

వాన వచ్చింది కదా అని నారు ఇప్పుడే నాటేయాలా?

పాతవిస్తరణాధికారి, మే 28

వద్దమ్మా. మీ మిరపకు ఇంకా నెల నిండలేదు. నారు వయసు చూసి నాటాలి, ఆకాశం చూసి కాదు. ఎరువు కలిపిన మట్టిని కూడా పది రోజులు తొట్టిలో కుదురుకోనివ్వండి. ఈలోగా నేరుగా విత్తేవి పెట్టేయండి. బెండ, గోరుచిక్కుడు, తోటకూర, గోంగూర నారు పోసి నాటాల్సిన పని లేదు. బెండ గింజ రాత్రి నానబెట్టండి. కాకర, బీరకు పెంకు గట్టిది, ఒక రోజు నానాలి. వీటికి వేరు కదిలితే కోపం, అందుకే కాగితం కప్పుల్లో మొలిపించి రెండాకుల మీద కప్పుతో సహా పెట్టండి, అడుగు చింపితే చాలు. తోటకూర విత్తనం ఇసుకలో కలిపి చల్లండి, లేకపోతే ఒకచోటే గుంపుగా పడుతుంది.

వేరుశనగసీమ, మే 29

అక్కా, చాలా సంతోషం. ఆ తొట్లలో పరిచిన పచ్చి ఆకు అలాగే ఉంచు, మట్టి కనిపించనీయొద్దు. వాన చినుకు నేరుగా పడితే మళ్లీ పెచ్చు కడుతుంది.

మిద్దెపందిరి, జూన్ 13

నిన్న సాయంత్రం ఎండ తగ్గాక మిరప, వంగ నాటాను. టమాటా ఈ ఆదివారం. నడుమ వారం వాన మొహం చాటేసింది, తొందరపడనందుకు మంచిదైంది. జగిత్యాల తమ్ముడూ, మీ వైపు ముందు పెట్టిన పత్తి ఎలా ఉందో చెప్పు.

లెక్క చెబుతాను. మిరప 83లో 79 నిలిచాయి. మే 23న ట్రే కుడి మూల నాలుగు ఒరిగాయి. చూడగానే గుండె జారింది. వెంటనే ఆ నాలుగు గుంతలూ ఖాళీ చేసి, రెండు రోజులు నీళ్లు ఆపి, ట్రే కింద రెండు కర్రలు పెట్టి గాలి ఆడేలా ఎత్తాను. ఆ మూల గోడకు ఆనుకుని ఉంది, నీరు అక్కడే నిలుస్తోంది. అంతటితో ఆగిపోయింది, మందు కొట్టే పని పడలేదు. నిన్న నాటేటప్పుడు గుంత అడుగున వేలు పెట్టి నెడితే మొక్క దిమ్మతో సహా ఊడి వచ్చింది. తెల్లటి వేర్లు కోకోపీట్ చుట్టూ జల్లెడలా అల్లుకుని ఉన్నాయి. ఇన్నేళ్లలో నా చేతి నారుకు అంత తెల్లటి వేరు చూడలేదు, కాసేపు అరచేతిలో పెట్టుకుని అలాగే నిలబడ్డాను.

చెరువుకట్ట, జూన్ 14

సగం మొలక ఎండింది అక్కా. మా వాడకట్టుల ఇద్దరు మళ్ల గింజ తెచ్చిండ్రు. నేనింకా పెట్టలే, మంచి వాన కోసం సూస్తున్న.

కొత్తపెరడు, జూన్ 16

మట్టి పరీక్ష వచ్చింది, క్షారగుణం తెలిపే ఉదజని సూచిక (pH) 8.6. పెద్దాయన చెప్పింది నిజమే. నాలుగు తట్టల సిమెంటు గడ్డలు బయటపడ్డాయి. జీలుగ చల్లాను, మొలిచింది. మా అమ్మ రోజూ చూసి, ఇది కూర వండుకునేదా అని అడుగుతోంది.

పాతవిస్తరణాధికారి, జూన్ 16

8.6 ఎక్కువే. జీలుగ అలాంటి నేలను తట్టుకుంటుంది, జనుము బదులు దాన్ని ఎంచుకోవడం మంచి పని. పూత కనిపించగానే కబురు చేయండి, కలియబెట్టే ముందు ఆ నివేదికలో మిగతా అంకెలు కూడా చూద్దాం.

మిద్దెపందిరి, జూన్ 22

బీర తీగ పందిరి మొదటి తాడు అందుకుంది. బెండకు నాలుగాకులు. మిరప నారు 14 మొక్కలు మిగిలాయి, కాగితం కప్పుల్లో పెట్టి నీడన ఉంచాను. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు ఎవరికైనా కావాలంటే సందేశం పెట్టండి. వయసు ఇప్పటికే 50 రోజులు, ఈ వారంలోనే నాటాలి.

ఉప్పుగాలి, జూన్ 22

మేం దూరమైపోయాం అక్కా, లేకపోతే ఇవాళే వచ్చేదాన్ని. ఆ మిరప పండితే రెండు పండుకాయలు విత్తనానికి ఉంచండి, సూటిరకమైతేనే సుమా, హైబ్రిడ్ అయితే తర్వాతి ఏడు అదే కాయ రాదు. ప్యాకెట్ మీద చూసి చెప్పండి.

మిద్దెపందిరి, జూన్ 22

చూశాను. సూటిరకమే, గుంటూరు లాం ఫారం పరిశోధన కేంద్రం రకం. మీ పేరున రెండు కాయలు ఉంచుతాను.